సూపర్ హీరో ఎవరి తరఫున ఎగురుతున్నాడు?

ఐరన్‌మ్యాన్‌గా 2008 నుంచి 2019 దాకా లోకాన్ని కాపాడిన రాబర్ట్ డౌనీ జూనియర్ ఈసారి విలన్ ముసుగు తొడుగుతున్నాడు. ఆయన నటించే ‘అవెంజర్స్: డూమ్స్‌డే’ని 2026 డిసెంబర్ 18న విడుదల చేస్తామని మార్వెల్ సంస్థ ప్రకటించింది. ఇలాంటి సినిమా వస్తోందంటే మన ఇళ్లలో ఒక పాత గొడవ మళ్లీ లేస్తుంది. పిల్లలు మొదటి రోజే టికెట్ కావాలంటారు. పెద్దవాళ్లలో ఒకరు ‘అదంతా అమెరికా ప్రాపగండా, వద్దు’ అంటారు. కాలేజీకి వెళ్లే భాయిజాన్ మధ్యలో దూరి ‘సినిమాని సినిమాలా చూడండి, అన్నిట్లో రాజకీయం వెతకొద్దు’ అని తీర్పు చెప్పేస్తాడు.

ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. అంతా ప్రాపగండా అనేస్తే ఇక సినిమా చూడాల్సిన పని లేదు. సినిమాని సినిమాలా చూడమంటే ఆలోచించాల్సిన పని లేదు. రెండూ పని తప్పించుకునే దారులే.

సూపర్ హీరో సినిమాల్లో రాజకీయం ఉంది. కాకపోతే అది హీరో చెప్పే నీతి డైలాగుల్లో పెద్దగా ఉండదు. ఎవరిని చూసి మనం భయపడాలి, ఎవరు చస్తే హీరో ఏడుస్తాడు, షూటింగ్‌కి విమానాలు ఎవరిచ్చారు, ఏ మార్కెట్ పోతుందని ఏ పేరు మార్చారు అనే చోట ఉంటుంది. నేను బీకాం చదివాను కాబట్టి ఏ సినిమా చూసినా ముందు డబ్బు లెక్క మీదికే కళ్లు పోతాయి. ఈ విషయంలో ఆ అలవాటు బాగానే పనికొచ్చింది.

మొదట ఒక సంగతి ఒప్పుకోవాలి. రాజకీయం ఈ హీరోలకి ఎవరో తర్వాత అంటించింది కాదు, పుట్టుకతోనే ఉంది. 1938లో సూపర్‌మ్యాన్‌ని సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. కెప్టెన్ అమెరికా మొదటి సంచిక అట్ట మీద హీరో హిట్లర్ దవడ పగలగొడుతుంటాడు. ఆ సంచిక మీదున్న తేదీ 1941 మార్చి. అమెరికా యుద్ధంలోకి దిగింది అదే ఏడాది డిసెంబర్‌లో. అంటే ప్రభుత్వం ఇంకా ఎటూ తేల్చుకోకముందే జో సైమన్, జాక్ కర్బీ అనే ఇద్దరు యూదు కుర్రాళ్లు బొమ్మల పుస్తకంలో యుద్ధం ప్రకటించేశారన్నమాట. యూరప్‌లో తమ వాళ్లని వేటాడుతుంటే చూసి ఊరుకోలేకపోయిన వాళ్ల పని అది. ఆ సంగతి మనలాంటి వాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. అందుకే ‘పిల్లల బొమ్మల కథలో రాజకీయమేంటి’ అనే ప్రశ్న నాకు వింతగా తోస్తుంది.

ఉర్దూ మాట్లాడే టెర్రరిస్టులు

2008 మే నెలలో వచ్చిన ‘ఐరన్‌మ్యాన్’తోనే ఇవాళ్టి మార్వెల్ సామ్రాజ్యం మొదలైంది. ప్రపంచవ్యాప్తంగా 58 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. కథ గుర్తుండే ఉంటుంది. టోనీ స్టార్క్ ఆయుధాల వ్యాపారి. అఫ్గానిస్తాన్‌లో తన మిసైల్ అమ్మడానికి వెళ్లి టెర్రరిస్టులకు చిక్కుతాడు. గుహలో ఇనప కవచం తయారు చేసుకుని తప్పించుకుంటాడు. 1963 నాటి కామిక్స్‌లో ఇదే కథ వియత్నాంలో జరుగుతుంది. శత్రువు మారాడు, చొక్కా మారింది, గుహ మాత్రం అదే.

ఆ గుహలో టోనీతో పాటు యిన్సెన్ అనే డాక్టర్ బందీగా ఉంటాడు. పట్టుకున్నవాళ్లు ఏయే భాషలు మాట్లాడతారో అతను వరసగా చెప్తాడు. అరబీ, ఉర్దూ, దరీ, పష్తో, ఫార్సీ ఇలా సాగుతుంది ఆ జాబితా. కొన్ని డైలాగులు నిజంగానే ఉర్దూలో వినిపిస్తాయి. అమెరికాలో కూర్చుని చూసేవాళ్లకి అది అర్థంకాని గొణుగుడు, భయపెట్టే శబ్దం మాత్రమే. హైదరాబాద్‌లోనో కర్నూలులోనో చూసే మన పిల్లలకి అది నానీ మాట్లాడే భాష. థియేటర్లో ఆ క్షణంలో పిల్లవాడి బుర్రలో ఏం జరుగుతుందో ఎవరూ సర్వే చేయలేదు. కానీ తల్లిదండ్రులకి తెలుసు. స్కూల్లో ఉర్దూ మాట్లాడటానికి సిగ్గుపడే పిల్లలు మన చుట్టూ ఉన్నారు. ఒక్క సినిమా వల్లే అలా అయ్యారని అనను. వంద సినిమాల్లో ఈ భాష ఎక్కడ, ఎవరి నోట వినిపించిందో లెక్కేసుకుంటే మాత్రం సంగతి తెలుస్తుంది.

కథలో ఆయుధాల వ్యాపారం మీద విమర్శ లేకపోలేదు. టోనీ తన బాంబులు శత్రువుల దగ్గర చూసి కళ్లు తెరుస్తాడు. బాగానే ఉంది. అయితే తప్పు ఎవరి మీదికి పోయింది? దొంగచాటుగా రెండు వైపులా అమ్మిన ఒక్క భాగస్వామి మీదికి. చాటుగా కాకుండా బిల్లు రాసి, రసీదు ఇచ్చి అమ్మే ఆయుధాల సంగతి సినిమా అడగదు. ఒక చెడ్డ మనిషిని తీసేస్తే కంపెనీ శుభ్రం. ఆడిటింగ్ చదివిన ఎవరైనా ఈ ట్రిక్కు గుర్తుపడతారు.

ఇంకా బాధపెట్టేది గుల్మీరా గ్రామం సీను. టెర్రరిస్టులు ఊరి జనాన్ని అడ్డం పెట్టుకుంటారు. ఐరన్‌మ్యాన్ భుజం మీది నుంచి చిన్న తూటాలు లెక్కపెట్టినట్టు వెళ్లి చెడ్డవాళ్లకే తగులుతాయి. పక్కనున్న తల్లికి, బిడ్డకి చీమ కుట్టినంత దెబ్బ కూడా తగలదు. ఈ సినిమా వచ్చిన రెండు నెలలకే, 2008 జులై 6న, అఫ్గానిస్తాన్‌లోని నంగర్‌హార్ రాష్ట్రంలో ఒక పెళ్లి బృందం మీద అమెరికా విమానాలు బాంబులు వేశాయి. అఫ్గాన్ ప్రభుత్వ విచారణ బృందం లెక్క ప్రకారం 47 మంది పౌరులు చనిపోయారు. వాళ్లలో పెళ్లికూతురు కూడా ఉంది. తెర మీద గురి తప్పని హీరో, నేల మీద పెళ్లి బృందం. అదే ఏడాది, అదే దేశం. ఆ సినిమా నటన గురించీ, హుషారు గురించీ ఎంత పొగిడినా నాకు అభ్యంతరం లేదు. యుద్ధం గురించి ధైర్యంగా మాట్లాడిన సినిమా అని పొగిడితే మాత్రం ఒప్పుకోను.

విమానాలు ఎవరివి?

హాలీవుడ్ వాళ్లకి యుద్ధ విమానం కావాలంటే కొనలేరు, బజార్లో అద్దెకి దొరకదు. అమెరికా రక్షణ శాఖ, అంటే పెంటగాన్, దగ్గరికి స్క్రిప్టు పట్టుకుని వెళ్లాలి. దానికోసమే అక్కడ ఒక విభాగం ఉంది. స్క్రిప్టులో సైన్యం ఎలా కనిపిస్తుందో వాళ్లు చదువుతారు, మార్పులు అడుగుతారు. ఒప్పుకుంటే బేస్, విమానాలు, సైనికులు దొరుకుతారు. ఇంధనం ఖర్చులాంటివి కట్టుకుంటే చాలు. ఒప్పుకోకపోతే అన్నీ గ్రాఫిక్స్‌లో చేసుకోవాలి. అది ఎంత ఖర్చో, ఎంత ఆలస్యమో నిర్మాతకి బాగా తెలుసు. ‘ఐరన్‌మ్యాన్’లో కొంత భాగం కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో తీశారు. 2019లో ‘కెప్టెన్ మార్వెల్’ వచ్చినప్పుడు ఆ దేశ వైమానిక దళం సినిమాకి సాయం చేయడమే కాదు, అదే సందట్లో మహిళా పైలట్లు కావాలంటూ తన ప్రకటనలూ నడిపించుకుంది. ఆ సినిమా 110 కోట్ల డాలర్లు దాటింది. సైన్యానికి అంతకంటే మంచి బేరం ఏముంటుంది?

2012 నాటి ‘అవెంజర్స్’ విషయంలో మాత్రం పెంటగాన్ వెనక్కి తగ్గింది. కారణం వింటే నవ్వొస్తుంది. సినిమాలోని షీల్డ్ అనే సంస్థ ఎవరి కింద పనిచేస్తుందో, అందులో అమెరికా సైన్యం స్థానం ఏమిటో వాళ్లకి అర్థం కాలేదట. గ్రహాంతరవాసులు న్యూయార్క్ మీద పడితే అభ్యంతరం లేదు గానీ, తమ సైన్యం ఇంకొకరి ఆర్డర్ తీసుకున్నట్టు ఉంటే కుదరదన్నమాట.

దీన్నిబట్టి ప్రతి సీనూ సైన్యమే రాయించిందని అనుకోవద్దు. అలా ఎవరూ కూర్చుని రాయించరు. వ్యాపారంలో సరుకు అరువిచ్చే వాడి మనసు నొప్పించకుండా మాట్లాడతాం కదా, అలాంటిదే ఇది. నిర్మాత ముందుగానే నాలుక కరుచుకుంటాడు.

అదే 2008లో వచ్చిన ‘ది డార్క్ నైట్’ ఇంకో రకం. నిజంగా గొప్పగా తీసిన సినిమా. 100 కోట్ల డాలర్లు దాటింది. జోకర్‌గా చేసిన హీత్ లెడ్జర్‌కి మరణానంతరం ఆస్కార్ వచ్చింది. అందులో జోకర్‌ని పట్టుకోవడానికి బ్యాట్‌మ్యాన్ నగరంలోని ప్రతి ఒక్కరి సెల్‌ఫోన్‌నీ నిఘా యంత్రంగా మార్చేస్తాడు. అతని దగ్గర పనిచేసే లూషియస్ ఫాక్స్ ఇది తప్పని మొహం మీదే చెప్తాడు. ఈ ఒక్కసారికే సాయం చేస్తానంటాడు. పని అయిపోగానే ఫాక్స్ తన పేరు టైపు చేస్తే ఆ యంత్రం తనంతట తనే కాలిపోతుంది. ఆ జులైలోనే ఆండ్రూ క్లావన్ అనే రచయిత వాల్ స్ట్రీట్ జర్నల్‌లో ఈ బ్యాట్‌మ్యాన్‌ని జార్జ్ బుష్‌తో పోల్చి మెచ్చుకున్నాడు. ఇంకొందరు అదే సినిమాలో నిఘా మీద విమర్శ చూశారు. నాకైతే ఆ కాలిపోయే యంత్రమే అసలు సందేశం అనిపిస్తుంది. మంచివాడి చేతిలో ఉంటే పర్వాలేదు, పని కాగానే వాడే ఆపేస్తాడు అనే భరోసా అది.

మన దగ్గర ఎవరు ఆపేశారు? 2021 అక్టోబర్‌లో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు కుర్రాళ్లని ఆపి ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో ‘గంజా’ అనే మాట కోసం వెతికిన వీడియోలు అందరూ చూశారు. పాతబస్తీలో రోడ్డు మీద ఆపి, మాస్కు తీయమని తన ఫోటో తీశారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ హైకోర్టుకు వెళ్లారు. ముఖం గుర్తుపట్టే టెక్నాలజీ మీద ఆయన వేసిన పిటిషన్‌పై తెలంగాణ హైకోర్టు 2022లో ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. లూషియస్ ఫాక్స్ లాంటి ఆఫీసరు, ఒక్క పేరు టైపు చేస్తే కాలిపోయే యంత్రం సినిమాలోనే దొరుకుతాయి.

థానోస్ లెక్క తప్పు

నన్ను అడిగితే ఈ సినిమాలన్నిట్లో మనకి సూటిగా తగిలే సందేశం 2018 నాటి ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’లో ఉంది. దాని గురించే అందరికంటే తక్కువ మాట్లాడుకున్నాం. థానోస్ వాదన ఏంటి? లోకంలో జనం ఎక్కువయ్యారు, వనరులు తక్కువ, కాబట్టి సగం మందిని లేకుండా చేయాలి. తెలుగులో ఆ పాత్రకి రానా దగ్గుబాటి గొంతు ఇచ్చారు. బరువైన గొంతు, నిదానమైన మాట. విలనే అయినా ఆ మాట విన్నవాళ్లకి ‘పాయింటే కదా’ అనిపిస్తుంది. ‘థానోస్ చెప్పింది కరెక్టే’ అనే మీమ్స్ ఎన్ని తిరిగాయో గుర్తు చేసుకోండి.

తర్వాతి ఏడాది వచ్చిన ‘ఎండ్‌గేమ్’ మన దేశంలోనే 350 కోట్ల రూపాయలకు పైగా నికర వసూళ్లు చేసింది. ప్రపంచమంతటా దాదాపు 280 కోట్ల డాలర్లు. రెండు సినిమాలూ కలిపి ఐదున్నర గంటలు. అంతసేపట్లో హీరోల్లో ఒక్కడు కూడా థానోస్‌తో ‘నీ లెక్క తప్పు’ అనడు. ‘చంపడం తప్పు’ అంటారు అంతే. పైగా ‘ఎండ్‌గేమ్’లో సగం జనం పోయాక హడ్సన్ నదిలో తిమింగలాలు కనిపించాయని, నీళ్లు శుభ్రంగా ఉన్నాయని కెప్టెన్ అమెరికా చెప్తాడు. అంటే పద్ధతి చెడ్డది గానీ లెక్క సరైనదే అన్నట్టు వదిలేశారు.

ఈ లెక్క మన దేశంలో ఎవరి మీద వాడతారో వేరే చెప్పక్కర్లేదు. ‘వాళ్ల జనాభా పెరిగిపోతోంది’ అనే మాట ప్రతి ఎన్నికలోనూ వింటాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992–93లో ముస్లిం మహిళకు సగటున 4.4 మంది పిల్లలు. 2019–21 సర్వే వచ్చేసరికి అది 2.4కి దిగింది. ఏ మత సమూహంలోనూ ఇంత వేగంగా తగ్గలేదు. చదువు పెరిగితే, ఆడపిల్లల పెళ్లి వయసు పెరిగితే, ఆస్పత్రి దగ్గరైతే పిల్లల సంఖ్య తగ్గుతుంది. థానోస్ చిటికె అక్కర్లేదు. ఈ ఒక్క వాక్యం ఐరన్‌మ్యాన్ నోటితో చెప్పించి ఉంటే ఆ సినిమాకి వచ్చిన పొగడ్తల్లో సగమైనా నేను ఒప్పుకునేవాణ్ణి. సరదా కోసం, పదేళ్ల కథలన్నీ ముడివేసిన నేర్పు కోసం మెచ్చుకోవాలంటే మెచ్చుకోవచ్చు. ఆలోచన కోసం మాత్రం కాదు.

ఇంతవరకు చదివి ‘అయితే అన్నీ చెడ్డవేనా’ అని అడగొచ్చు. కాదు. 2013లో వచ్చిన ‘ఐరన్‌మ్యాన్ 3’ని మన విమర్శకులు తేలిగ్గా తీసుకున్నారు. నేను మాత్రం దానికే ఎక్కువ మార్కులు వేస్తాను. అందులో మాండరిన్ అనే గడ్డం మనిషి వీడియోల్లో కనిపించి అమెరికాని బెదిరిస్తుంటాడు. చూడగానే బిన్ లాడెన్ వీడియోలు గుర్తొస్తాయి. సగం సినిమా అయ్యాక తెలుస్తుంది, వాడు టెర్రరిస్టే కాదు, జీతానికి కుదిరిన తాగుబోతు నటుడు అని. ఆ వేషం కట్టించింది ఒక అమెరికన్ వ్యాపారి. తన ప్రయోగాల్లో జరిగిన పేలుళ్లని కప్పిపుచ్చుకోవడానికి భయాన్ని తయారు చేసి అమ్మాడు. ఆ నటుడి పాత్ర వేసింది బెన్ కింగ్‌స్లీ. తండ్రి వైపు గుజరాతీ మూలాలున్న మనిషి, ‘గాంధీ’ సినిమాలో గాంధీ. మొదటి భాగం మన మీద పెట్టిన ముసుగుని మూడో భాగం విప్పి చూపించింది. అదీ 120 కోట్ల డాలర్లు తెచ్చుకుంటూ.

‘బ్లాక్ పాంథర్’ (2018) ఇంకో మెట్టు పైన ఉంటుంది. ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్‌కి నామినేట్ అయిన మొదటి సూపర్ హీరో సినిమా అదే. కాస్ట్యూమ్స్, ప్రొడక్షన్ డిజైన్, సంగీతం - మూడు ఆస్కార్లు వచ్చాయి. సౌదీ అరేబియాలో 35 ఏళ్ల తర్వాత మళ్లీ థియేటర్ తెరిచినప్పుడు, 2018 ఏప్రిల్ 18న రియాద్‌లో మొదట వేసింది కూడా ఇదే సినిమా. గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్లకి అది చిన్న వార్త కాదు. ఈ సినిమాలో విలన్ కిల్‌మాంగర్ అడిగే ప్రశ్న హీరోకి నిద్ర పట్టనివ్వదు. మీ దగ్గర అంత సంపద, శక్తి ఉంటే లోకమంతా నల్లవాళ్లు నలిగిపోతుంటే ఎందుకు తలుపులు మూసుకున్నారు? చివరికి హీరో ఆ తప్పు ఒప్పుకుని తలుపులు తెరుస్తాడు. విలన్ మాట విని హీరో మారడం ఈ సినిమాల్లో అరుదు.

అందులోనూ ఒక మచ్చ ఉంది. ఆఫ్రికా దేశాన్ని కాపాడేవాళ్లలో సీఐఏ ఏజెంట్ ఒకడు మంచి మనిషిగా కనిపిస్తాడు. 1960లో కాంగో ప్రధాని లుముంబాను చంపడానికి సీఐఏ పథకం వేసిన సంగతి 1975లో అమెరికా సెనేట్ కమిటీయే బయటపెట్టింది. ఆ చరిత్ర తెలిసినవాళ్లకి ఆ పాత్ర గొంతులో ముల్లులా తగులుతుంది. అయినా ఈ సినిమాకి వచ్చిన గౌరవం న్యాయమైనదే అంటాను.

‘మిస్ మార్వెల్’ (2022) సినిమా కాదు, ఆరు భాగాల సిరీస్. అయినా మన ఇళ్ల గురించి మాట్లాడేటప్పుడు దాన్ని వదిలేయలేం. జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ కుటుంబం అమ్మాయి కమలా ఖాన్ అందులో హీరో. ఆ వేషం వేసిన ఇమాన్ వెల్లానీ కరాచీలో పుట్టిన అమ్మాయే. మస్జిద్‌లో చెప్పులు పోవడం, ఆడవాళ్ల నమాజు గది పాతబడిపోయిందని ఫిర్యాదు, మస్జిద్ కమిటీ ఎన్నికల్లో ఒక అమ్మాయి పోటీ, ఈద్ హడావుడి, 1947 విభజన రైలు అన్నీ ఉన్నాయి. ప్రభుత్వ ఏజెంట్లు మస్జిద్‌లోకి వచ్చే సీను కూడా ఉంది. మనల్ని భయపెట్టేవాళ్లుగానో, జాలిపడాల్సినవాళ్లుగానో కాకుండా చెప్పులు పోగొట్టుకుని విసుక్కునే మామూలు మనుషులుగా చూపించారు. విమర్శకులు మెచ్చుకున్నారు. కానీ అదే కమలా ఖాన్ ఉన్న ‘ది మార్వెల్స్’ (2023) సుమారు 20 కోట్ల డాలర్ల దగ్గర ఆగిపోయింది. మార్వెల్ సినిమాల్లోనే అది అతి తక్కువ వసూలు. నటుల సమ్మె వల్ల ప్రచారం సరిగ్గా జరగలేదు, కథ కూడా అంతంతమాత్రం. కానీ లెక్కల పుస్తకంలో అవేవీ రాయరు. ‘ఇలాంటి హీరో అమ్ముడుపోదు’ అని రాసుకుంటారు. మన పిల్లల మొహం మళ్లీ తెర మీదికి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఆ ఒక్క వాక్యం మీద ఆధారపడుతుంది.

పేరు లేని దేశం

గాజా నేపథ్యంలో రెండు సినిమాల గురించి గట్టి చర్చ జరిగింది. మొదటిది 2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘కెప్టెన్ అమెరికా: బ్రేవ్ న్యూ వరల్డ్’. మార్వెల్ కామిక్స్‌లో 1980 నుంచి సాబ్రా అనే పాత్ర ఉంది. ఇజ్రాయెల్ గూఢచారి సంస్థ మొసాద్ ఏజెంట్. ఆ పాత్రని సినిమాలో పెడుతున్నామని 2022 సెప్టెంబర్‌లో ప్రకటించారు. బీరూట్‌లోని సాబ్రా, షతీలా శిబిరాల్లో పాలస్తీనా శరణార్థుల ఊచకోత జరిగింది 1982 సెప్టెంబర్‌లో. సరిగ్గా 40 ఏళ్లు నిండే నెలలోనే ఆ ప్రకటన. పాత్ర పేరు అంతకుముందే ఉన్నా, అది విన్నవాళ్లకి ఎలా ఉంటుందో స్టూడియోలో ఒక్కరికీ తట్టలేదా అనిపిస్తుంది. బీడీఎస్ ఉద్యమం బహిష్కరణకు పిలుపునిచ్చింది. చివరికి సినిమాలో సాబ్రా అనే పేరు లేదు, మొసాద్ లేదు. ఆమె అమెరికా ప్రభుత్వంలో పనిచేసే అధికారిణి అయిపోయింది. నిరసనలు గెలిచాయా, మార్కెట్ భయపడిందా? నా దృష్టిలో ఈ రెండూ ఒకటే. కంపెనీకి నిరసన అర్థమయ్యేది నష్టం అనే భాషలోనే.

రెండోది 2025 జులైలో వచ్చిన జేమ్స్ గన్ ‘సూపర్‌మ్యాన్’. బొరావియా అనే బలమైన దేశం, అమెరికా ఆయుధాలతో, పక్కనున్న పేద దేశం జర్హన్‌పూర్ మీదికి వెళ్తుంది. ముళ్లకంచెకి అవతల ట్యాంకులు. ఇవతల కర్రలు పట్టుకున్న జనం, పిల్లలు. ప్రపంచమంతా దీన్ని గాజాగానే చదివింది. తాను రాసేటప్పటికి ఆ యుద్ధం మొదలే కాలేదని, మధ్యప్రాచ్యంతో దీనికి సంబంధం లేదని గన్ చెప్పాడు. నమ్మకపోవడానికి కారణం లేదు. బొరావియా అనే పేరు 1939 నాటి కామిక్స్‌లోనే ఉంది. అయినా జనం గాజాని చూశారంటే, కళ్ల ముందు ఉన్నది అదే కాబట్టి.

మన సెన్సార్ బోర్డు ఈ సినిమాలో 33 సెకన్ల ముద్దు సీను కత్తిరించింది. ట్యాంకులకి ఎదురుగా నిలబడ్డ పిల్లల సీను మన కుటుంబాలన్నీ చూశాయి. ఏది పెద్దలకు మాత్రమేనో నిర్ణయించే తీరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

కల్పిత దేశం పెట్టడం కళ మాత్రమే కాదు, వ్యాపారం కూడా. ఆ సినిమా తీయడానికే దాదాపు 22 కోట్ల డాలర్లు పెట్టారు, ప్రచారం ఖర్చు దానికి అదనం. వచ్చిన వసూలు 61 కోట్లు. అందులో సుమారు సగం థియేటర్ల వాటా. ఇంత డబ్బు పెట్టినవాడు ఏ ఒక్క మార్కెట్‌నీ పోగొట్టుకోలేడు. జర్హన్‌పూర్‌కి రాయబార కార్యాలయం లేదు, కేసు వేసే సంఘం లేదు. అందుకే దాని మీద ఎన్ని కన్నీళ్లైనా కార్చవచ్చు.

ఇంకోటి గమనించాను. ఈ సినిమాలో మాలిక్ అలీ అని ఫలాఫెల్ బండి నడిపే మనిషి ఉంటాడు. కింద పడ్డ సూపర్‌మ్యాన్‌కి చెయ్యిచ్చి లేపుతాడు. తర్వాత విలన్ అతన్ని సూపర్‌మ్యాన్ కళ్ల ముందే కాల్చేస్తాడు. 2008లో ‘ఐరన్‌మ్యాన్’ని గుహలోంచి బయటపడేసి చచ్చిపోయిన యిన్సెన్ కూడా ఇంతే. పదిహేడేళ్లలో వచ్చిన మార్పు ఏంటంటే, గుహలో డాక్టర్ కాస్తా వీధిలో బండివాడు అయ్యాడు. మంచి ముస్లిం వస్తాడు, హీరోకి సాయం చేస్తాడు, హీరోకి బుద్ధో కోపమో తెప్పించి చచ్చిపోతాడు. జర్హన్‌పూర్ జనంలో ఒక్కరి పేరు కూడా మనకి గుర్తుండేలా చెప్పరు. వాళ్లు సూపర్‌మ్యాన్ జెండా ఎత్తుకుని ఎదురుచూస్తుంటారు. కాపాడబడటమే వాళ్ల పని. ఆ సినిమాకి దయ ఉంది. ‘దయగా ఉండటమే ఇప్పుడు తిరుగుబాటు’ అన్నట్టు తీశారని మెచ్చుకున్నారు, అంతవరకు న్యాయమే. పాలస్తీనా గురించి తీసిన ధైర్యమైన సినిమా అని మనవాళ్లు వాట్సాప్‌లో పంపుకున్న పొగడ్త మాత్రం దానికి ఎక్కువ. తీసినవాడే కాదంటున్నాడు కదా.

ఇక మన భాషకి వస్తే, 2024 జనవరి 12న ప్రశాంత్ వర్మ ‘హనుమాన్’ వచ్చింది. తక్కువ ఖర్చుతో, స్టార్ లేకుండా, పెద్ద సినిమాల మధ్య సంక్రాంతికి దిగి గెలిచింది. 71వ జాతీయ అవార్డుల్లో గ్రాఫిక్స్ విభాగంలో ఉత్తమ చిత్రంగా, యాక్షన్ దర్శకత్వానికి కూడా అవార్డులు తెచ్చుకుంది. ఆ పనితనానికి అవి రావాల్సినవే. కథలో ఊరిని తొక్కిపెట్టిన పెత్తందారు, వాడికి ఎదురుతిరిగే మామూలు కుర్రాడు ఉన్నారు. విలన్ మైకేల్‌కి అమెరికన్ సూపర్ హీరోల పిచ్చి. మన మీద విషం కక్కే సీను ఏదీ లేదు. మన పిల్లలు కూడా బాగానే చప్పట్లు కొట్టారు.

దాని రాజకీయం తెర మీద కాదు, టికెట్ మీద ఉంది. ప్రతి టికెట్ నుంచి 5 రూపాయలు అయోధ్య రామమందిరానికి ఇస్తామని విడుదలకు ముందు వేడుకలో చిరంజీవి నోట ప్రకటించారు. పది రోజుల తర్వాత, జనవరి 22న, అక్కడ ప్రాణప్రతిష్ఠ. నిర్మాత తన లాభంలోంచి తన గుడికి ఇచ్చుకుంటే అది ఆయన భక్తి, ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. టికెట్ లెక్కన ప్రకటించినప్పుడు సంగతి వేరు. బాబ్రీ మస్జిద్ జ్ఞాపకం ఉన్న ఇంట్లోంచి పిల్లవాడితో వెళ్లిన తండ్రి కూడా, తెలిసో తెలియకో, ఆ లెక్కలో ఒక అంకె అయ్యాడు. సినిమా పత్రికల్లో దీన్ని గొప్ప పనిగా రాశారు. ఆ తండ్రి వైపు నుంచి ఒక్క మాట కూడా నాకు కనిపించలేదు.

కేరళ వైపు చూస్తే ఇదే పురాణ, జానపద సామగ్రితో ఇంకో రకంగా తీయొచ్చని తెలుస్తుంది. దుల్కర్ సల్మాన్ నిర్మించిన ‘లోకా’ 2025 ఆగస్టులో మలయాళంలో వచ్చి, తెలుగులో ‘కొత్త లోక’ అయ్యింది. కేరళ జానపద కథల్లో మగవాళ్ల రక్తం తాగే యక్షిని తీసుకుని, గుడిలోకి రానివ్వని గిరిజన కుటుంబం పిల్లగా ఆమె కథ మార్చారు. ఆమెకి దారి చూపించేది ఒక క్రైస్తవ పూజారి. నిర్మాత ముస్లిం. ఇది ఎవరి కథ అని ఎవరూ సరిహద్దు గీయలేరు. 300 కోట్ల వసూలు వచ్చింది కాబట్టి, అలాంటివి అమ్ముడుపోవు అనే లెక్క కూడా నిలబడదు. అయితే అదే కేరళలో, 2020 మేలో, ‘మిన్నల్ మురళి’ అనే సూపర్ హీరో సినిమా కోసం కాలడిలో వేసిన చర్చి సెట్టుని గుడి దగ్గర ఉందని పగలగొట్టారు. అట్ట ముక్కలతో కట్టిన ఉత్తుత్తి చర్చి అది. ‘సినిమాని సినిమాలా చూడండి’ అని మనకి చెప్పే భాయిజాన్ ఆ మాట వాళ్లకి చెప్పి చూడాలి.

‘హనుమాన్’కి కొనసాగింపుగా ‘జై హనుమాన్’ ప్రకటించారు, రిషబ్ శెట్టి ప్రధాన పాత్ర. మన భాషలో సూపర్ హీరోల లోకం పెద్దదవుతోంది. అందులో ఊరి గుడి ఉంటుంది, ఊరి కొండ ఉంటుంది. ఆ ఊళ్లో టైలర్ షాపు, టీ కొట్టు, జుమా రోజు టోపీ పెట్టుకుని వెళ్లే కుర్రాడు కూడా ఉంటారు కదా. వాళ్లు తెర మీదికి వస్తారా, వస్తే మాలిక్ అలీలా చావడానికే వస్తారా అన్నది చూడాలి.